కుల్పి దారి: భవానీపూర్ నుంచి ఆదిగంగ వెంట

1757 జూన్‌లో, ప్లాసీ యుద్ధం ముంగిట, మీర్ జాఫర్ ఈస్టిండియా కంపెనీకి రహస్యంగా ఒక ఒప్పందం రాసిచ్చాడు. అందులో భూమికి సంబంధించిన షరతులు రెండున్నాయి. కలకత్తా కందకానికి వెలుపల మరో 600 గజాల నేల కంపెనీకి దక్కాలన్నది ఒకటి. నగరానికి దక్షిణాన కుల్పి వరకు ఉన్న భూమంతా కంపెనీ జమీందారీ కింద ఉండాలన్నది రెండోది. చరిత్రకారులు ఈ పత్రాన్ని కుట్రకు సాక్ష్యంగా, చేతులు మారిన సొమ్ముకు లెక్కగా చదివారు. భూగోళం తెలిసినవారికి అందులో ఒక దారి కూడా కనిపిస్తుంది. కలకత్తా శివారులో మొదలై హుగ్లీ ఒడ్డున కుల్పి రేవు దగ్గర ముగిసే ఆ నేలకు వెన్నెముకగా అప్పటికే ఒక నది, ఆ నది గట్టున ఒక బాట ఉన్నాయి. ఇరవైనాలుగు పరగణాలు అన్న జిల్లా ఆ షరతులోంచే పుట్టింది. బెంగాల్‌లో కంపెనీ భూపాలన వేళ్లూనుకున్న తొలి నేలల్లో అదొకటి.

ఆ బాట ఈనాటికీ ఉంది. చౌరంగీ నుంచి దక్షిణంగా వచ్చి, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు కూడలి దాటితే భవానీపూర్. అక్కడి నుంచి దాని పేరు ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు. హాజ్రా కూడలి దాటాక శ్యామాప్రసాద్ ముఖర్జీ రోడ్డు. పాతకాలం వారికి ఈ రెండూ కలిపి రస్సా రోడ్డు. టాలీగంజ్‌లో దేశప్రాణ్ శాస్మల్ పేరు, ఆపైన నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పేరు తగిలించుకుని గరియా చేరుతుంది. అక్కడితో నగరం పలచబడుతుంది. రాజ్‌పూర్, హరినాభి, బారుయిపూర్, దక్షిణ బారాసాత్, జయనగర్ మీదుగా కుల్పి చేరే దాకా ఊళ్లవాళ్లు దాన్ని కుల్పి రోడ్డనే అంటారు. ప్రభుత్వ పటంలో అది పశ్చిమ బెంగాల్ 1వ నంబరు రాష్ట్ర రహదారిలో దక్షిణ భాగం. బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గరి బన్‌గావ్‌లో మొదలై చాక్‌దహా, కల్యాణి, బ్యారక్‌పూర్, కోల్‌కతా మీదుగా కుల్పిలో ముగిసే ఆ రహదారి పొడవు సుమారు 150 కిలోమీటర్లు. ఈ వ్యాసం ప్రధానంగా దాని దక్షిణార్ధం గురించి. ఎందుకంటే ఆ సగాన్ని వేసింది ఇంజనీర్లు కాదు, గంగ.

గంగ అంటే నేడు హౌరా వంతెన కింద పారే హుగ్లీ కాదు. ఖిదిర్‌పూర్ దగ్గర హుగ్లీ నుంచి విడిపోయి, కాళీఘాట్ గుడి వెనకగా, టాలీగంజ్, గరియా, బారుయిపూర్, జయనగర్ పక్కగా పారి సాగరద్వీపం వైపు సముద్రంలో కలిసిన పాత పాయ ఒకటుంది. బెంగాలీలు దాన్ని ఆదిగంగ అంటారు. భగీరథుడు తెచ్చిన గంగ అదేనని, సగరపుత్రులను ఉద్ధరించిన నీరు అందులోదేనని అక్కడి విశ్వాసం. నేడు పెద్ద ఓడలు తిరిగే పాయకు పవిత్రత తక్కువ, మురికికాలువగా మారిన పాయకు పవిత్రత ఎక్కువ. బయటివాళ్లకు వింతగా తోచే ఈ తేడాకు కారణం నది దారి మారడం. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ప్రధాన ప్రవాహం ఆదిగంగను వదిలి, సాంక్రాయిల్ వైపున్న సరస్వతీ నది దిగువ పాయలోకి మళ్లింది. అలీవర్దీ ఖాన్ కాలంలో తవ్వించిన కాలువే ఈ మళ్లింపును పూర్తి చేసిందని అంటారు. ఖిదిర్‌పూర్ దిగువ భాగాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ కటాగంగ, అంటే తవ్విన గంగ, అంటారు.

నది బతికున్న రోజుల సాక్ష్యం బెంగాలీ మంగళకావ్యాల్లో ఉంది. విప్రదాస్ పిప్లాయి 1495లో రాసిన మనసావిజయంలో చాంద్ సౌదాగర్ అనే వర్తకుడు ఓడలతో సముద్రానికి సాగిపోతూ కాళీఘాట్, బారుయిపూర్, ఛత్రభోగ్ రేవులను వరసగా దాటుతాడు. ఆ కావ్యంలోని కొన్ని ఊరి పేర్లు తరువాతి లేఖకులు చేర్చినవని పండితులు అనుమానిస్తారు. ఆ అనుమానం ఎక్కువగా కలకత్తా పరిసరాల పేర్ల మీదే. దక్షిణపు రేవుల వరస మీద పేచీ లేదు. ఆ వరసను నేటి రహదారి మీది బస్సు స్టాపులతో పోల్చి చూస్తే ఓడ ఏ క్రమంలో పోయిందో బస్సూ అదే క్రమంలో పోతుంది.

తెలుగువారికి ఈ దారితో తొలి చుట్టరికం 1510లో కలిసింది. సన్యాసం పుచ్చుకున్న చైతన్యుడు శాంతిపురం నుంచి పూరీకి బయలుదేరి ఆదిగంగ గట్టునే నడిచాడు. బృందావన దాసు రాసిన చైతన్య భాగవతం ప్రకారం నేటి బారుయిపూర్ ప్రాంతమైన ఆటిసారాలో అనంత పండితుడి ఇంట ఒక రాత్రి ఉన్నాడు. అక్కడి నుంచి ఛత్రభోగ్ చేరాడు. బెంగాల్ సుల్తానుకూ ఒరిస్సా గజపతికీ మధ్య కయ్యం నడుస్తున్న కాలమది, సరిహద్దు దాటడం ప్రాణాపాయం. ఛత్రభోగ్ అధికారి రామచంద్ర ఖాన్ రహస్యంగా పడవ ఏర్పాటు చేసి ఆయనను ఒరిస్సా వైపు దాటించాడు. అదే ఏడు ఆ యాత్ర పూరీ నుంచి సింహాచలం మీదుగా గోదావరి దాకా వచ్చింది. గజపతి ప్రతాపరుద్రుని తరఫున రాజమహేంద్రవర ప్రాంతాన్ని పాలిస్తున్న రామానంద రాయలు కొవ్వూరు రేవులో ఆయనను కలిశాడు. వారి సంవాదం గౌడీయ వైష్ణవానికి పునాదిరాయి అయింది. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం చూసేవాళ్లు, మంగళగిరిలో చైతన్యుని పాదముద్రకు మొక్కేవాళ్లు ఈ కథ దక్షిణార్ధాన్ని ఎరుగుదురు. ఉత్తరార్ధం కుల్పి దారి మీద ఉంది.

ఆయన నడిచిన గట్టుబాటను స్థానిక చరిత్రకారులు ద్వారీర్ జాంగాల్ అని పిలుస్తారు. జాంగాల్ అంటే ఎత్తు చేసిన మట్టికట్ట. చిత్తడి నేలలో దారి వేయాలంటే ముందు గట్టు కావాలి. నదులు తమ ఒండ్రుతో ఒడ్డును తామే ఎత్తు చేసుకుంటాయి. డెల్టా దేశంలో ఊళ్లు, గుళ్లు, దారులు ఆ ఎత్తు మీదనే కూర్చుంటాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏటిగట్టు మీద నడిచి పెరిగినవారికి ఇది వివరించనక్కర్లేదు. నది ఎండిపోయినా గట్టు మిగిలింది. పడవల్లో పోయే సరుకు, జనం గట్టు మీదికి ఎక్కారు. నది చావు వల్లే ఈ దారికి ఇంత ప్రాముఖ్యం వచ్చిందని నా అభిప్రాయం.

ఎండుతున్న పాయకు మళ్లీ ప్రాణం పోయాలని కంపెనీ సైన్యంలోని మేజర్ విలియం టాలీ పూనుకున్నాడు. 1775లో పని మొదలుపెట్టి, ఖిదిర్‌పూర్ పక్కనున్న హేస్టింగ్స్ నుంచి గరియా దాకా సుమారు 8 మైళ్లు పూడిక తీయించి, అక్కడి నుంచి తూర్పుగా శాముక్‌పోతా దగ్గర విద్యాధరీ నదికి కలిపాడు. 1777లో పడవలు తిరగసాగాయి. వాటి మీద సుంకం వసూలు చేసుకునే హక్కు ఆయనకే ఇచ్చారు. సుందరబన్ల కలప, తేనె, తూర్పు బెంగాల్ ధాన్యం ఈ కాలువలో కలకత్తా చేరేవి. టాలీ నాలా, టాలీగంజ్ ఆయన పేరు మీద నిలిచాయి. అయితే ఆ మేలు ఒక కీడునూ తెచ్చింది. గరియా వద్ద నీరు తూర్పుకు మళ్లడంతో అక్కడి నుంచి దక్షిణాన, బారుయిపూర్ జయనగర్ వైపున్న పాత పాయకు ఉన్న కాస్త ధారా తగ్గిపోయింది. అది ముక్కలు ముక్కలుగా చెరువులైంది.

ఇక భవానీపూర్. 1742లో మరాఠా రౌతులు, బెంగాలీలు బర్గీలని తలుచుకుని భయపడిన దండు, బెంగాల్ పడమటి భాగమైన రాఢదేశాన్ని కొల్లగొడుతున్నప్పుడు కలకత్తా జనం తమ ఖర్చుతో నగరం చుట్టూ కందకం తవ్వుకున్నారు. ఆరు నెలల్లో మూడు మైళ్లు తవ్వాక శత్రువు రాలేదు, పని ఆగిపోయింది. దక్షిణం వైపు అది ఎన్నడూ పూర్తి కాలేదు. కానీ 1794లో కలకత్తా హద్దులు ప్రకటించినప్పుడు ఆ కందకపు గీతనే ఆధారం చేసుకున్నారు. 1799 ప్రాంతంలో కందకాన్ని పూడ్చి సర్క్యులర్ రోడ్డు వేశారు. ఆ రోడ్డుకు లోపల పట్నం, ఆవల మొఫసిల్. భవానీపూర్ ఆవలి ఒడ్డున మొదటి ఊరు. కాళీఘాట్ యాత్రికుడు చౌరంగీ దాటి ఈ హద్దు తొక్కగానే పల్లె దారిలో అడుగుపెట్టినట్టు. కాళీఘాట్ నేటి గుడిని 1809లో సాబర్ణ రాయచౌధురీ వంశం వారి పూనికతో కట్టారు. అప్పటికి ఈ దారి ఇరువైపులా తోటలు, వరిచేలు, కుంటలు.

ఈ హద్దు భవానీపూర్ తలరాతను తీర్చింది. కందకం లోపలి తగాదాలు సుప్రీంకోర్టుకు పోతే, బయటి బెంగాల్ అంతటి అప్పీళ్లు సదర్ దీవానీ అదాలత్‌కు వచ్చేవి. ఆ అదాలత్ భవానీపూర్ పక్కనే ఉండేది. ఇరవైనాలుగు పరగణాల జిల్లా కోర్టులు అలీపూర్‌లో, అంటే కూతవేటు దూరంలో. కాబట్టి వకీళ్లు, గుమాస్తాలు, దస్తావేజులు రాసేవాళ్లు, పల్లెల నుంచి వ్యాజ్యాలకు వచ్చిన రైతులు, జమీందారుల ముక్తారులు ఈ దారి పొడవునా ఇళ్లు, బసలు ఏర్పరచుకున్నారు. దావా వేసిన జయనగర్ రైతు, దాని మీద వాదించే వకీలు ఇద్దరూ ఒకే రోడ్డు మీది వాళ్లు. 1862లో హైకోర్టు ఏర్పడి పాత విభజన పోయాక కూడా న్యాయవాదుల ఊరన్న పేరు భవానీపూర్‌ను వదల్లేదు. 1882లో తాత్కాలికంగానైనా ప్రధాన న్యాయమూర్తి పీఠం ఎక్కిన మొదటి భారతీయుడు రమేశ్ చంద్ర మిత్ర భవానీపూర్ వాడే.

అదే ఊళ్లో హరిశ్చంద్ర ముఖర్జీ ఉండేవాడు. పేద ఇంట పుట్టి, మిలిటరీ ఆడిటర్ జనరల్ కచేరీలో గుమాస్తాగా చేరి, హిందూ పేట్రియట్ పత్రికను చేతికి తీసుకున్నాడు. 1859-60లో నీలిమందు దొరల మీద రైతులు తిరగబడినప్పుడు ఆ పత్రిక వారి గొంతు అయింది. రైతులు జిల్లాల నుంచి నడిచి వచ్చి భవానీపూర్‌లో ఆయన ఇంటి ముందు కూర్చుని తమ కష్టాలు చెప్పుకునేవారు. జీతంలో ఎక్కువ భాగం వాళ్ల తిండికి, అర్జీలకు ఖర్చుపెట్టాడు. 1861లో ముప్పై ఏడేళ్లకే కన్నుమూశాడు. రైతుకూ ముద్రణాయంత్రానికీ మధ్య దూరం తగ్గించిన పని ఆయనది. ఆ పని నగరం నడిబొడ్డున కాక ఈ శివారు ఊళ్లో జరగడం కాకతాళీయం అనుకోను. పల్లె దారి మొదటి మలుపులో ఉన్న ఊరు కాబట్టే ఆ గుమ్మం రైతుకు అందింది.

ఆశుతోష్ ముఖర్జీ ఇల్లు 77, రస్సా రోడ్డు. ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలం తెలుగు చదువరులకు దగ్గరిది. 1921లో మైసూరులో అధ్యాపకుడిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిచి ఐదవ జార్జి పేరిట ఉన్న తత్త్వశాస్త్ర పీఠం అప్పగించింది ఆయనే. అంతకుముందే విశాఖలో బాల్యం గడిపిన సి.వి.రామన్‌ను ప్రభుత్వ లెక్కల ఉద్యోగం మాన్పించి 1917లో పాలిత్ ఆచార్యుడిగా తెచ్చుకున్నాడు. ప్రాంతం చూడకుండా ప్రతిభను ఏరుకున్న ఆ చూపు ఆనాటి విశ్వవిద్యాలయాల్లో అరుదు. రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ చాన్సలర్‌గా వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది కలకత్తాలో గడించిన పదేళ్ల అనుభవం.

భవానీపూర్ ఉత్తరపు కొసన ఉన్న ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రికీ తెలుగు నేలతో ఒక లంకె ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడు కలకత్తాలో, ఈ ఆసుపత్రి ఆవరణలోని ప్రయోగశాలలో, పిట్టల మలేరియా దోమకాటుతోనే సోకుతుందని నిరూపించి పని ముగించాడు. చిత్తడి నేల మీది దారి కథలో ఆ పరిశోధనకు చోటు ఉండితీరాలి. కుల్పి దారి ఊళ్లు తరతరాలుగా జ్వరంతో కుంగినవే.

హాజ్రా దగ్గర చిత్తరంజన్ దాస్ ఇల్లు ఉండేది. ఆయన దాన్ని ప్రజలకు రాసిచ్చాడు. 1925లో ఆయన పోయాక ఆ ఇంట్లో చిత్తరంజన్ సేవాసదన్ వెలిసింది. ఆ ఆవరణలోనే 1950 జనవరి 2న క్యాన్సర్ ఆసుపత్రిని మేరీ క్యూరీ కూతురు ఇరేన్ జోలియో క్యూరీ ప్రారంభించారు.

1902 జూన్‌లో ఎస్ప్లనేడ్ నుంచి కాళీఘాట్ దాకా కరెంటు ట్రాం నడిచింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1888లో, శివార్లు నగరపాలనలో కలిశాయి. ఆ తరువాత పల్లె దారి సరిహద్దు టాలీగంజ్ దాకా జరిగింది. ఇరవయ్యో శతాబ్దం చివరిలో మరో పెద్ద తవ్వకం ఇదే రోడ్డు మీద పడింది. దేశంలో మొదటి మెట్రో రైలు 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లు నడిచింది. పైనుంచి కందకంలా తవ్వి, పెట్టె కట్టి, మళ్లీ పూడ్చే పద్ధతిలో దాన్ని నిర్మించారు. ఏళ్ల తరబడి యాత్రికుల దారి గొయ్యిగా ఉండిపోయింది. భవానీపూర్ అంగళ్లవాళ్లు చెక్కవంతెనల మీద వ్యాపారం చేశారు. ఆ స్టేషన్ పేరు ఇప్పుడు నేతాజీ భవన్.

టాలీగంజ్‌లో మరో దక్షిణాది జ్ఞాపకం. 1806లో వేలూరు కోటలో సిపాయీలు తిరగబడ్డాక, అక్కడ బందీలుగా ఉన్న టిప్పు సుల్తాన్ కొడుకులను కంపెనీ ఇంత దూరం పంపేసింది. వారిలో చిన్నవాడు ప్రిన్స్ గులాం మహమ్మద్ ధర్మతలాలోనూ టాలీగంజ్‌లోనూ మసీదులు కట్టించాడు. ధర్మతలా మసీదు 1842 నాటిది.

ఆ మసీదు కట్టిన దాదాపు వందేళ్లకు టాలీగంజ్‌కు తెలుగువాళ్లు వచ్చారు, సినిమా తీయడానికి. మద్రాసులో ఇంకా మాటల చిత్రాలకు తగిన స్టూడియో లేని రోజులు. కాకినాడకు చెందిన సి.పుల్లయ్య నటీనటులను వెంటబెట్టుకుని కలకత్తా వచ్చి, ఖేమ్కాల ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి 1933లో సతీ సావిత్రి తీశాడు. యముడిగా వేమూరి గగ్గయ్య, సావిత్రిగా దాసరి రామతిలకం. 1934లో అదే సంస్థకు తీసిన లవకుశ ఆంధ్రదేశమంతా బళ్లు కట్టుకుని వచ్చి చూసిన చిత్రం. అందులో పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. తెలుగు నాటకాల పద్యగానం ఆదిగంగ గట్టున ఉన్న స్టూడియోలో మైకు ముందు పలికింది. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు మద్రాసు కోడంబాకానికి ఇచ్చే పేజీల్లో కొన్నయినా టాలీగంజ్‌కు బాకీ ఉన్నాయి.

గరియా దాకా ఇప్పుడు కనిపించే కిక్కిరిసిన వీధులు చాలావరకు దేశవిభజన తరువాతివి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు 1948 నుంచి ఖాళీ సైనిక స్థావరాల్లో, చిత్తడి నేలల్లో పాకలు వేసుకుని విజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్, నేతాజీనగర్ వంటి కాలనీలను తమ చేతులతో కట్టుకున్నారు. రోడ్డు, కాలువ రెండూ వాళ్ల బతుకుకు ఆధారం. గరియా పక్కన బోడాల్ అనే ఊరు అప్పటికి పల్లెగానే ఉంది. 1955లో విడుదలైన పథేర్ పాంచాలీకి సత్యజిత్ రాయ్ ఆ ఊరినే ఎంచుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఆ వెదురు తోపుల కోసం వెదికితే అపార్టుమెంట్లు కనిపిస్తాయి.

గరియా దాటిన తరువాతి పది కిలోమీటర్ల మీద నాకు ప్రత్యేకమైన మక్కువ. రాజ్‌పూర్, హరినాభి, చాంగ్రీపోతా, కోదాలియా అన్నవి ఒకదానికొకటి ఆనుకున్న బ్రాహ్మణ, కాయస్థ గ్రామాలు. సంస్కృత పాఠశాలలకు పేరు. చాంగ్రీపోతా వాడైన ద్వారకానాథ్ విద్యాభూషణ్ 1858లో సోమప్రకాశ్ వారపత్రిక మొదలుపెట్టి, రైలు వచ్చాక ముద్రణాలయాన్ని కలకత్తా నుంచి సొంత ఊరికి మార్చాడు. ఒక పల్లెలో అచ్చయిన పత్రిక రాజధానిలోని దొరలను కలవరపెట్టింది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం కాటు పడినవాటిలో అదొకటి. 1866లో హరినాభిలో ఇంగ్లీషు బడి వెలిసింది.

ద్వారకానాథుని మేనల్లుడు శివనాథ శాస్త్రి జీవితాన్ని ఈ రోడ్డు మీది మైలురాళ్లతో చెప్పవచ్చు. పుట్టింది 1847లో చాంగ్రీపోతాలో, మేనమామ ఇంట. తండ్రి ఊరు జయనగర్ పక్కనున్న మజిల్‌పూర్. హరినాభి బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేస్తూ సోమప్రకాశ్ బాధ్యత చూశాడు. 1874లో భవానీపూర్‌లోని సౌత్ సబర్బన్ స్కూలుకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1878 మే 15న కలకత్తాలో సాధారణ బ్రహ్మసమాజాన్ని నెలకొల్పినవారిలో ముఖ్యుడు. బ్రహ్మసమాజపు ఆ గాలి రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగానికి, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడికి తగిలి మన సాంఘిక చరిత్రను మార్చింది. ఆ మాట ప్రతి తెలుగు పాఠ్యపుస్తకంలో ఉంటుంది. కానీ ఆ గాలి పుట్టిన ఊళ్లు ఇంత చిన్నవని, ఒకే గట్టు మీదివని మనవాళ్లు చెప్పుకోరు.

బోసుల కుటుంబమూ ఈ గట్టుదే. సుభాష్ చంద్ర బోస్ తండ్రి జానకీనాథుడి స్వగ్రామం కోదాలియా. ఆయన కటక్‌లో వకీలుగా స్థిరపడి, కలకత్తాలో ఇల్లు కట్టింది మళ్లీ భవానీపూర్ కొసన ఎల్గిన్ రోడ్డులో. 1941 జనవరిలో సుభాష్ పోలీసుల కన్నుగప్పి తప్పించుకున్నది ఆ ఇంటి నుంచే. చాంగ్రీపోతా స్టేషన్‌కు ఇప్పుడు సుభాష్‌గ్రామ్ అని పేరు. 1907లో అదే స్టేషన్‌లో జరిగిన దోపిడీ కేసులో అరెస్టయిన నరేంద్రనాథ్ భట్టాచార్య తరువాత ఎం.ఎన్.రాయ్‌గా ప్రపంచానికి తెలిశాడు.

బారుయిపూర్‌కు 1864లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా వచ్చిన బంకిం చంద్ర చటర్జీ అక్కడ పనిచేస్తున్న రోజుల్లోనే దుర్గేశనందిని 1865లో, కపాలకుండల 1866లో వెలువడ్డాయి. సాగరసంగమం నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల పడవ దారి తప్పడంతో కపాలకుండల మొదలవుతుంది. ఆ యాత్రికుల దారి కబుర్లు బారుయిపూర్ కచేరీలో ఆయన చెవిన పడి ఉంటాయని ఊహించడం తప్పు కాదు. ఇప్పుడు ఆ ఊరికి జామపండ్లు, శస్త్రచికిత్స పనిముట్లు పేరు తెస్తున్నాయి. ఇళ్ల ముంగిళ్లలోని చిన్న కొలుముల్లో కత్తెరలు, పట్టుకార్లు తయారై దేశమంతటి ఆసుపత్రులకు పోతాయి.

బారుయిపూర్ నుంచి జయనగర్ వరకు రోడ్డు పక్కన పొడవాటి చెరువులు వరసగా కనిపిస్తాయి. అవి నది ముక్కలు. ఆ ముక్కలకు పక్కింటి కుటుంబాల పేర్లొచ్చాయి: ఘోష్ గంగ, బోస్ గంగ, జయనగర్‌లో మిత్ర గంగ. నది ప్రవాహం పోయినా దాని నీటికున్న పవిత్రత పోలేదు. ఆ చెరువుల ఒడ్డున ఇప్పటికీ శవదహనాలు జరుగుతాయి, పర్వస్నానాలు చేస్తారు. ఇంతటి చారిత్రక ఆధారాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తుంటే అడ్డుకునే బాధ్యత ప్రభుత్వానిదీ ప్రజలదీ కూడా. నగరంలో జరిగింది చూశాం. టాలీగంజ్ నుంచి గరియా వైపు 2009-10లో పొడిగించిన మెట్రో వంతెన స్తంభాలు వందలాదిగా ఆదిగంగ నడుమనే నాటారు. దక్షిణాన మిగిలిన ముక్కలకు ఆ గతి పట్టకూడదు.

జయనగర్ పేరు చెబితే బెంగాలీలకు మోవా గుర్తొస్తుంది. కనక్‌చూర్ అనే వడ్ల పేలాలను చలికాలపు కొత్త ఈత బెల్లంతో కలిపి, నెయ్యి, కోవా చేర్చి కట్టే ఉండ అది. 2015లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈత చెట్టు, పేలాల వరి రెండూ ఈ పాత నదీగట్టు నేలవే. జయనగర్‌కు దక్షిణంగా పక్కదారి పడితే ఛత్రభోగ్. త్రిపురసుందరి గుడి, చైతన్యుని జ్ఞాపకంతో చక్రతీర్థం అక్కడ ఉన్నాయి. ఒకప్పటి రేవు ఇప్పుడు వరిచేల నడుమ ఊరు.

దారికి ప్రభుత్వ రూపం ఎలా వచ్చిందో కొద్దిలో చెప్పుకోవచ్చు. మొదట జమీందార్లు, పుణ్యం కోరేవాళ్లు గట్టు నిలబెట్టారు. 1871 చట్టం భూమి మీద రోడ్డు సెస్సు వేసింది. 1885 స్థానిక స్వపరిపాలన చట్టంతో జిల్లా బోర్డులు రోడ్లు చేపట్టాయి. 1943 డిసెంబర్‌లో నాగపూర్‌లో చేరిన చీఫ్ ఇంజనీర్లు దేశంలోని దారులను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులుగా విభజించారు. నేటి నంబర్లకు మూలం ఆ సమావేశమే. అలా దక్షిణపు గట్టుబాటను, ఉత్తరాన బ్యారక్‌పూర్ దండు కోసం వేసిన ట్రంకు రోడ్డును ఒకే నంబరు కిందికి చేర్చారు.

ఉత్తరార్ధపు చరిత్ర వేరు: కంటోన్మెంటు, జనపనార మిల్లులు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వలసవచ్చిన తెలుగు కూలీల సంతతి టిటాగఢ్ మిల్లు బస్తీల్లో నేటికీ ఉంది. బ్యారక్‌పూర్ ట్రంకు రోడ్డు మీది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్.రావు దశాబ్దాల పాటు పనిచేశారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి అంగీకరించింది. ఆ తీర్మానం వెనుక ఉన్నది మిల్లు కూలీల, రైల్వే కార్మికుల మూడు నాలుగు తరాల చెమట.

కుల్పి చేరేసరికి హుగ్లీ విశాలంగా ఎదురవుతుంది. కలకత్తా దాకా పోలేని పెద్ద ఓడలకు కంపెనీ కాలంలో ఇది లంగరు చోటు. జ్వరాలకు పేరుమోసిన రేవు కూడా. 1829-30లో డాంపియర్, హాడ్జెస్ అనే అధికారులు సుందరబన్లకు ఉత్తరపు హద్దు గీసినప్పుడు ఆ గీత ఒక కొస కుల్పి దగ్గర, రెండో కొస బసీర్‌హాట్ దగ్గర పెట్టారు. గీతకు ఇవతల పాత పన్ను కట్టే ఊళ్లు, అవతల ప్రభుత్వానిదని ప్రకటించిన అడవి. ఆ అడవిని నరికి పొలాలు చేసినవాళ్లు పనిముట్లు, విత్తనాలు, దావా కాగితాలు మోసుకుని తిరిగింది ఈ దారినే.

కుల్పిలో రాష్ట్ర రహదారి 12వ నంబరు జాతీయ రహదారిని తాకి ఆగుతుంది. మకర సంక్రాంతికి గంగాసాగర్ వెళ్లే బస్సులు, వాటిలో రాజమండ్రి, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్లవీ ఉంటాయి, డైమండ్ హార్బర్ మీదుగా ఆ జాతీయ రహదారినే పట్టుకుని కాక్‌ద్వీప్‌లోని లాట్ 8 రేవుకు పోతాయి. పాత యాత్రికుల బాట మీదికి అవి రావు. కుల్పి రోడ్డు మీద ఇప్పుడు తిరిగేవి బారుయిపూర్ జామ బుట్టలు, చలికాలంలో జయనగర్ మోవా పెట్టెలు, బడిపిల్లల సైకిళ్లు, కోర్టు వాయిదాకు అలీపూర్ వెళ్లే రైతును స్టేషన్‌లో దింపే ఆటోలు.